కంచె ఎవరికి, గోడ ఎవరికి?

ఇల్లూ స్థలమూ ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో ముందే షరతు పెట్టడం రెండు రకాలు. ఉన్నోళ్ళు తమ చుట్టూ కట్టుకునే గోడ ఒకటి. లేనోళ్ళ కోసం చట్టం వేసిన కంచె రెండోది. గోడ నిలబడుతుంది, కంచె కూలుతుంది. ఎందుకన్నదే ప్రశ్న.

అహ్మదాబాద్‌లో ఒక హౌసింగ్ సొసైటీ పార్సీలకే సభ్యత్వమని రాసుకుంది. 2005లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. పార్సీలు చిన్న సమూహమే కావచ్చు. కానీ ఆ తర్కం రేపు ఏ అగ్రకుల కాలనీకైనా పనికొస్తుంది.

ఇప్పుడు భద్రాచలం చూద్దాం. ఇక్కడ కంచె 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ విస్తరించారు. 1970 సవరణతో (1/70) ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని అతనే రుజువు చేసుకోవాలి. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. కాయితం మీద ఇంత గట్టి షరతు అరుదు.

ఆచరణలో? రిజిస్ట్రేషన్ కాదు కనుక సాదా కాయితాల మీద బేరాలు, ఆదివాసీ పేరున బినామీలు. మేడ లేచాక దాని వెనక వకీలు ఉంటాడు, స్టే ఉంటుంది. కూలికొచ్చిన మాల, మాదిగల గుడిసెకు ఏముంది? చట్టం లెక్కలో దళితుడూ గిరిజనేతరుడే. అధికారికి గుడిసె పీకడం తేలిక.

ఈ బాధను చూపించే కొందరు 1/70ని సడలించమంటారు. దళితుల్ని ముందుపెట్టి వెనక నడిచేది ఎవరో మనం గమనించాలి. కంచె తీస్తే కొనేది కూలోడు కాదు, డబ్బున్నోడు. అసైన్డ్ భూముల అనుభవం మనకుంది. అమ్మరాదని 1977లో చట్టం చేసినా ఎన్ని పట్టాలు పేదల చేతులు దాటిపోలేదు!

దళితుడికి భూమి బాకీ పడింది ఆదివాసీ కాదు, మైదానంలోని భూస్వామి. 1973 భూపరిమితి చట్టాన్ని నీరుగార్చినోళ్ళే ఇవాళ అడవి అంచున దళితుల మీద జాలి చూపిస్తే నమ్మాలా? ఏజెన్సీలో అమలు మేడల నుంచి మొదలు కావాలి. కూలోడి గుడిసెను కూల్చేముందు అతనికి మైదానంలో స్థలం, పట్టా ఇవ్వాలి. దళితుడు, ఆదివాసీ కలిసి అడగాల్సింది ఇదే. ఒకరి కంచె తెంపి ఇంకొకరికి ఇల్లు కట్టలేం.