అరుగు ఒకరిది, గడప మరొకరిది

పుదుచ్చేరి పట్టణంలో పెద్ద కాలువకు పడమటి వైపున్న పాత ఇళ్లకు వీధి ముఖాన అరుగు ఉంటుంది. ఎండన పడి వచ్చిన బాటసారి దాని మీద కాసేపు కూర్చున్నా ఇంటివాళ్లు ఏమీ అనరు. అరుగు వెనక గడప. గడప లోపల మాత్రం అంతా ఇంటివారి ఇష్టమే. కాలువకు తూర్పున, సముద్రం దిక్కున ఫ్రెంచివారి పద్ధతిలో కట్టిన ఇళ్లకు అరుగు లేదు. ఎత్తైన ప్రహరీ, గేటు, లోపల తోట. బయటికీ లోపలికీ మధ్య ఎల్లను ఇలా రెండు రకాలుగా గీసుకున్న ఊరు ఇది. అందుకే ఇంటర్నెట్ కంపెనీ బిగించి వెళ్లే మోడేనికీ, మనం డబ్బు పెట్టి తెచ్చుకున్న రౌటరుకూ మధ్య పేచీని ఇక్కడి ఇళ్లలోనే పెట్టి చూడాలనిపించింది.

కంపెనీ పెట్టెను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వీధి స్తంభం నుంచి సన్నటి తీగ లాక్కొచ్చి, ముందుగదిలో పెట్టె తగిలించి, పచ్చ లైటు వెలగగానే మన ఫోనుకు వైఫై కలిపి వెళ్లిపోతాడు. మనం మోడెం అంటాం, కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు. తీగలో వచ్చిన వెలుగును డేటాగా మార్చడం, ఇంట్లో అందరికీ పంచడం, వైఫై ఇవ్వడం, ల్యాండ్‌లైన్ మోగించడం అన్నీ దాని పనులే. ఎర్ర లైటు వస్తే కంపెనీకి ఫోన్ చేస్తాం, వాళ్లే చూసుకుంటారు. ఆ నిశ్చింత చిన్నదేమీ కాదు. అయితే సెట్టింగులు తెరిస్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోనిస్తుందే గానీ, మిగతా మెనూలు చాలా పెట్టెల్లో మనకు కనిపించవు.

సొంత రౌటరు వంశం వేరు. 2002 చివర్లో లింక్‌సిస్ వాళ్లు డబ్ల్యూఆర్‌టీ54జీ అనే పెట్టెను అమ్మకానికి తెచ్చారు. అందులో ఉన్నది లినక్స్ అని తేలడంతో, లైసెన్సు షరతును పాటించి 2003లో దాని కోడ్ బయటపెట్టారు. ఆ కోడ్ పునాదిగా 2004లో, రౌటర్లలో ఎవరైనా వేసుకుని మార్చుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ పుట్టింది. కంపెనీ పెట్టె వెనక టెలిఫోన్ శాఖ సంప్రదాయం ఉంది: తీగ చివరిదాకా బాధ్యత మాది అనేది. సొంత రౌటరు వెనక ఉన్నది, కొన్న వస్తువును విప్పి చూసుకునే హక్కు మాది అనే సంప్రదాయం. నాకు రెండింటి మీదా గౌరవమే.

కంపెనీ తన పెట్టెకు ఇలా తాళం వేయడానికి బలమైన కారణమే ఉంది. ఇళ్లకు ఫైబరు ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజి నుంచి బయలుదేరిన ఒక్క ఫైబరు, కరెంటు అక్కరలేని స్ప్లిటరు దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళుతుంది. సెకనుకు కిందికి వచ్చే సుమారు 2.5 గిగాబిట్లనూ, పైకి పోయే 1.25 గిగాబిట్లనూ ఆ ఇళ్లన్నీ పంచుకోవాలి. కిందికి వచ్చే వెలుగు 1490 నానోమీటర్లు, పైకి వెళ్లేది 1310. పైకి పంపేటప్పుడు ఒక్కో ఇంటి పెట్టె తన వంతు వచ్చినప్పుడే లేజరు వెలిగించాలి. వంతు తప్పి వెలిగే పెట్టె ఒక్కటున్నా ఆ స్ప్లిటరు మీది ఇళ్లన్నిటికీ నెట్ దెబ్బతింటుంది. అందుకే సీరియల్ నంబరు నమోదైన పెట్టెనే ఎక్స్ఛేంజిలోని యంత్రం లోపలికి రానిస్తుంది. ఈ తాళం న్యాయమైనది. కాకపోతే ఆ న్యాయం వెలుగు దగ్గరే ఆగుతుంది. ఇంట్లో వైఫై ఏ ఛానెల్ మీద నడవాలి, డీఎన్‌ఎస్ ఎవరిది వాడాలి, పిల్లవాడి ఫోనుకు రాత్రి ఎన్నింటికి నెట్ ఆగాలి అన్నవాటికీ తాళం వేస్తే, దానికి ఈ కారణం చెప్పలేరు. పక్కింటివాడికి వీటితో సంబంధం లేదు.

రాగి తీగ కాలంలో ఈ పేచీ ఇంత ముదరలేదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు మోడెం అద్దెకు తీసుకోవచ్చు, బజారులో కొనుక్కోనూ వచ్చు. దాన్ని డేటాను దాటించడం వరకే చేసే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి కంప్యూటరు నుంచే యూజర్‌నేమ్ కొట్టి కనెక్ట్ అయినవాళ్లు ఎందరో. రాగిలో ఇంటింటికీ తీగ విడిగా వచ్చేది, ఫైబరులో అలా కాదు. అయినా ఇప్పటికీ బీఎస్ఎన్ఎల్ ఫైబరులో ఓఎన్‌టీ మనమే కొని సీరియల్ నంబరు నమోదు చేయించుకునే వీలుంది. అంటే వెలుగు క్రమం చెడకుండానే పెట్టె చందాదారుడిది కాగలదు.

భద్రత విషయంలో రెండు పక్షాలవాళ్లూ గొప్పలకు పోతుంటారు. 2016 నవంబరులో జర్మనీలో, దూరం నుంచి నిర్వహించుకోవడానికి కంపెనీ తెరిచి ఉంచిన ద్వారం మీద దాడి జరిగి డాయిష్ టెలికామ్ చందాదారుల్లో సుమారు 9 లక్షల మందికి నెట్ దెబ్బతింది. అలాగే 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 5 లక్షలకు పైగా రౌటర్లలోకి చొరబడింది. వాటిలో జనం సొంతంగా కొనుక్కున్న బ్రాండ్లే ఎక్కువ. కంపెనీ పెట్టెకు అప్‌డేట్లు మనకు తెలియకుండానే వస్తాయి. చాలా సొంత రౌటర్లకు మనమే గుర్తు పెట్టుకుని వేయాలి, వేయకపోతే వాటికి దిక్కు లేదు.

ఒక్క చిరునామాను ఇంట్లోని పరికరాలన్నిటికీ పంచే పనిని నాట్ అంటారు. రౌటరు వెనక రౌటరు పెడితే డబుల్ నాట్ అవుతుంది, అది మహాపాపం అని విదేశీ సలహాలు చెబుతాయి. అక్కడ చాలాచోట్ల ఇంటికొక పబ్లిక్ చిరునామా దొరుకుతుంది కాబట్టి ఆ బాధలో అర్థముంది. మన దగ్గర చాలా కనెక్షన్లకు ఆ చిరునామాయే ఉండదు. 100.64 నుంచి మొదలయ్యే చిరునామాల వరసను 2012లో ఇలాంటి కనెక్షన్ల కోసమే కేటాయించారు. వాటి సాయంతో కంపెనీ వందల ఇళ్లను ఒక్క పబ్లిక్ చిరునామా వెనక కూర్చోబెడుతుంది. అక్కడ ఒక నాట్ ముందే ఉన్నప్పుడు ఇంట్లో ఇంకొకటి చేరినంతలో సినిమాలూ వీడియో కాల్సూ ఆగిపోవు. రెండు పెట్టెలూ 192.168.1 వరసనే పట్టుకుంటే సొంతదాని వరస మార్చాలి, కంపెనీ వైఫై ఆపేయాలి. అసలు ఇబ్బంది కొత్త తరం చిరునామా పద్ధతి అయిన ఐపీవీ6తో వస్తుంది. చాలా కంపెనీ పెట్టెలు దాన్ని రెండో రౌటరుకు అందించవు. సొంత రౌటరును వైఫై ఇవ్వడం వరకే చేసే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఆ ఇబ్బంది సర్దుకుంటుంది గానీ, దేని కోసం రౌటరు కొన్నామో ఆ అజమాయిషీ చాలావరకు తిరిగి కంపెనీ పెట్టెకే పోతుంది.

మరి సొంత రౌటరుతో మనకు దక్కేదేమిటి? నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది, ఇల్లు చెదరకుండా కంపెనీ మారగలగడం. టీవీ, కెమెరాలు, అమ్మగారి ట్యాబ్, ఇన్వర్టరు అన్నీ ఒకే వైఫై పేరుకు అలవాటు పడి ఉంటాయి. కంపెనీ మారిన రోజున వెనక తీగ ఒక్కటి మారితే చాలు. కంపెనీ పెట్టెనే నమ్ముకున్న ఇంట్లో, కొత్త పెట్టెకు పాత పేరూ పాస్‌వర్డూ పెట్టుకోకపోతే, అన్నిటికీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ పోవాలి. ఆ శ్రమకు జడిసి పాత ప్లానులోనే ఉండిపోతారు.

ఊరి గోడలు రెండో కారణం. పాత ఇళ్లలో ఇటుకా సున్నంతో కట్టిన గోడలు అడుగు మందం దాటుతాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై అలాంటి రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. పడమటి ఇళ్లు వీధికి సన్నగా, లోపలికి పొడుగ్గా, మధ్యలో మన మండువా లాంటి ముంగిలితో ఉంటాయి. ఫైబరు వచ్చేది వీధివైపు, చదువుకునే పిల్లలుండేది వెనక గదిలో. ముంగిలి దాకా ఒక కేబుల్ లాగి అక్కడ సొంత రౌటరు పెట్టడమే దీనికి మందు. అయితే తుఫానుల ఊరిలో రెండు పెట్టెలంటే రెండింటికీ కరెంటు కావాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు ఒక్క రోజులో సుమారు 48 సెంటీమీటర్ల వాన పడింది. ఫైబరు తడికి రాగిలా చెడదు గానీ ఇంట్లో కరెంటు పోతే రెండూ మూగబోతాయి. చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనేటప్పుడు రెండింటి లోడూ కలిపి చూసుకోవాలి.

లోకం ఈ ఎల్లను ఒకేచోట గీయలేదు. నెట్‌వర్కుకు హాని చేయని పరికరాన్ని చందాదారుడు తగిలించుకోవచ్చని అమెరికాలో 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు చెప్పింది. జర్మనీ 2016 ఆగస్టు 1 నుంచి సొంత రౌటరును చట్టబద్ధ హక్కు చేసింది. కాగా ఫ్రాన్సులో 2002 నాటి ఫ్రీబాక్స్ నుంచి కంపెనీ పెట్టెదే రాజ్యం. టీవీ, ఫోను, నెట్ కలిపి ఇచ్చే ఆ పద్ధతికి మన దగ్గరా పోలిక ఉంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ ఆ మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల ప్లానుతో పల్లెలకు చేరింది. ఒక్క పెట్టెలో మూడూ ఇమడకపోతే అంత చవకగా ఇవ్వడం కష్టం. చవకకు పెట్టె కావాలి, స్వేచ్ఛకు రౌటరు కావాలి.

తెలుగు కవి కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చిన, ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్లై మేడ పుదుచ్చేరిలోనే ఉంది. కింది అంతస్తు దేశీ పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతి. ఒకదాన్ని కూల్చి రెండోదాన్ని కట్టలేదు. మోడెం, రౌటరు విషయంలో అలాంటి పొందిక బ్రిడ్జ్ మోడ్‌లో కుదురుతుంది. వెలుగు, ఫోను కంపెనీ పెట్టెకు వదిలి, లాగిన్ నుంచి వైఫై దాకా మిగతాదంతా సొంత రౌటరుకు అప్పగించడం అన్నమాట. కంపెనీ పెట్టెను తీసి పారేయాలనే వాదన తప్పు, దానికి తాళం తీయనే కూడదన్న వాదనా తప్పే. రాతపూర్వకంగా అడిగిన ప్రతి చందాదారుడికీ బ్రిడ్జ్ మోడ్ ఇవ్వాలి, పోటీలో ఉన్న కంపెనీలు ఆ మాటను ప్లాను వివరాల్లోనే అచ్చు వేయాలి. వాళ్లు వేసేదాకా ఆగకుండా, కొత్త కనెక్షన్‌కు డబ్బు కట్టే ముందే మీరు అడగండి. ఇస్తామంటే ఆ మాట దరఖాస్తు మీద రాయించుకోండి.