తెరపాఠము – ఔచిత్య విచారము

కొంతకాలము క్రిందట మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో "తరగతి గదియందు సాంకేతిక సాధనముల ఉపయోగము" అను విషయమును గూర్చి మమ్మందరిని ఒక్కొక్క వ్యాసము వ్రాసి తెమ్మనిరి. నేను ఎనిమిది పుటలు వ్రాసితిని. టెలివిజనును, ట్యాబును, గోడకు బిగించిన వెలుగుపలకను వేనోళ్ల పొగడితిని. మార్కులును బాగుగనే వచ్చినవి. పిమ్మట బోధనాభ్యాసమునకై భద్రాచలమునకు ఎగువ, అడవి యంచుననున్న ఒక కోయగూడెపు ప్రాథమిక పాఠశాలకు నన్ను పంపిరి. అచ్చట కొన్ని వారములు గడపి వచ్చి ఆ ఎనిమిది పుటలను మరల చదువుకొనగా నాకు సిగ్గు కలిగినది. అందు "బిడ్డ" అను మాట పలుమారులు వచ్చినది గాని, ఆ బిడ్డ ఎవరి బిడ్డయో, ఇంట ఏ భాష మాటలాడునో ఒక్కచోటనైన లేదు. పరుల రచనలను విమర్శించువారు మనలో అనేకులు గలరు. నా రచనను నేనే విమర్శించుకొన బూనితిని. చదువరులు ఓపికతో విందురుగాక.

తెరపాఠమనగా నా యభిప్రాయమిది: ఒకచోట సిద్ధపరచి, ఒకమారు పలికి, వేయిచోట్ల వినిపించు పాఠము. అది టెలివిజనున వచ్చినను, సెల్‌ఫోనున వచ్చినను, పుస్తకములోని చదరపు గుర్తును చూపగా తెరచుకొన్నను ఒకటియే. అట్టి పాఠము యంత్రము చేసినది కాదు, మనుష్యుడు చేసిన రచన. కావున రచనను పరీక్షించు కొలతలతోనే దానిని పరీక్షింపవలయును. పదునొకండవ శతాబ్దపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని వాదించెను. వక్త యెవరు, శ్రోత యెవరు, చెప్పబడిన దానికిని విన్నవానికిని పొత్తు కుదిరినదా యనునదియే ఔచిత్య ప్రశ్న. కావ్యమునకు తగిన యీ ప్రశ్న పాఠమునకు తగదా?

ముందుగా గుణములను చెప్పుట న్యాయము. గ్రహణమెట్లు పట్టునో, గుండె నెత్తురు నెట్లు త్రోయునో నల్లబల్లమీద సుద్దముక్కతో ఎంత గీచినను తెలియజేయుట కష్టము. కదలుబొమ్మ నిమిషములో తెలుపును. సముద్రము నెన్నడు నెరుగని బిడ్డకు అలను చూపును. ఒక్క ఉపాధ్యాయుడే ఐదు తరగతులను నడుపవలసిన బడిలో రెండు తరగతులను తెరముందు కూర్చుండబెట్టి తక్కినవారికి లెక్కలు చెప్పుకొను వెసులుబాటు కలుగును. ఈ యుపకారమును నేనును పొందితిని. కాదనినచో కృతఘ్నురాల నగుదును.

ఇక దోషమును చెప్పెదను. ఒకనాడు మూడవ తరగతివారికి నీటిని గూర్చిన పాఠమును ట్యాబులో పెట్టితిని. పాఠము చెప్పు నామె గొంతు మధురము, ఉచ్చారణము నిర్దుష్టము. నడుమ నామె "ఏరు ఎచ్చట పుట్టును?" అని యడిగి, బిడ్డలు బదులు చెప్పుటకై కొన్ని క్షణములు ఆగెను. ముందు వరుసలోని యొక బాలిక లేచి వాకిటిలోని చేతిపంపు వైపు వ్రేలు చూపెను. "కొండలలో! చాల చక్కగా చెప్పితిరి" అని తెర మెచ్చుకొని ముందునకు సాగిపోయెను. తెలుగు కొంత యెక్కువ వచ్చిన పిల్లలు నవ్విరి. నేనును నవ్వి, తప్పని చెప్పి ఆ బాలికను కూర్చుండబెట్టితిని. ఆమె ఆనాడు మరల నోరు విప్పలేదు. మరునాడును విప్పలేదు.

ఆ రెండవనాటి సాయంకాలము చేతిపంపు కడ ఆమె తల్లి బిందె నింపుకొనుచు చంటిబిడ్డతో నేదో చెప్పుచుండగా "ఏరు" అను మాట నా చెవిని బడినది. అడుగగా తెలిసినది. కోయభాషలో ఏరనగా నీరు. మనకు ప్రవాహము, వారికి నీరు. నీరెచ్చట పుట్టునని యడిగినప్పుడు పంపును చూపిన బిడ్డ తప్పు చెప్పలేదు. ఆ గూడెమున వేసవిలో నీరు పుట్టుచోటు అదియొక్కటియే. ఇట్టిదే మరియొక మాటను ఆమెయే చెప్పినది. మనము "లోన" అందుము. కోయలో "లోను" అనగా ఇల్లు. రెండును ద్రావిడ భాషలే యగుటచే మాటలు చుట్టములవలె నుండును గాని, చుట్టరికము తెలియనివారిని మోసగించును. పూర్తిగా పరభాష యైనచో బిడ్డకు తెలియలేదని ఉపాధ్యాయునకైనను తెలియును. సగము తెలిసినట్లుండుటయే ఇచ్చటి చిక్కు.

మూడవనాడు తరగతిలో నిలిచి తప్పు నాదేయని చెప్పితిని. కోయవారి ఏరును, తెలుగువారి ఏరును రెండింటిని బల్లమీద వ్రాసి, ఆ బాలిక చెప్పినది సరియేనంటిని. ఆమె కొంతసేపు నమ్మలేదు. పిమ్మట లేచివచ్చి నాకు మరి నాలుగు మాటలు నేర్పెను. నేనును తెరవలెనే మొదట తప్పితిని గదా యని యెవరైన నడుగవచ్చును. నిజమే. కాని నాకొక మూడవనాడు గలిగినది. తెరకు మూడవనాడు లేదు. అది యడిగినది ప్రశ్నవలె నుండెను గాని ప్రశ్న కాదు. ఏలయన, బదులు వినువాడు లేని ప్రశ్న ప్రశ్న కాజాలదు. వినకయే మెచ్చుకొనుట పొగడ్తయు కాదు. తెరపాఠము యొక్క ముఖ్యదోషము ఇచ్చట నున్నది: అది తన శ్రోతను తానే కల్పించుకొని, ఆ కల్పిత శ్రోతతోనే సంభాషించును. ఎదుటనున్న బిడ్డ ఆ కల్పితునకు సరిపోలనిచో నష్టము బిడ్డదే.

ఇది క్రొత్తగా పుట్టిన యాశ కాదు. 1913వ సంవత్సరముననే అమెరికాలో థామస్ ఎడిసను, చలనచిత్రముల మూలమున బడులలో పుస్తకములకు త్వరలో పనిలేకపోవునని చెప్పెను. పుస్తకములు పోలేదు. మన దేశమున 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము, అమెరికావారి ఉపగ్రహమును బదులు తీసికొని, ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపిరి. హిందీ, కన్నడము, ఒరియా, తెలుగు అను నాలుగు భాషలకు ఉదయమున ఒక్కొక్కదానికి ఇరువదిరెండున్నర నిమిషముల చొప్పున పిల్లల కార్యక్రమము వచ్చెడిది. అది గొప్ప ప్రయత్నమే. కాని రాష్ట్రభాషయే పిల్లలందరి యింటిభాషయను నూహ అందును గలదు. 2020 మార్చిలో కరోనా వ్యాధిచే బడులు మూతపడగా, ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి ద్వారమునను, టీశాట్ ద్వారమునను పాఠములు చెప్పసాగిరి. అవి మూడవ తరగతినుండి పైవారికే. ఇంటిభాష మాత్రమే యెరిగి బడికి వచ్చు మొదటి రెండు తరగతుల పసివారికి ఆ పాఠములును లేవు. చిన్న తరగతులు మరల తెరచినది 2021 సెప్టెంబరున. ఏడాదిన్నర కాలము ఆరేండ్ల బిడ్డ జీవితమున ఎంత పెద్ద భాగమో తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు.

దీనికి ప్రక్కన మరియొక సంప్రదాయమును నిలిపి చూడుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, తమ సొమ్ముతో బడులు పెట్టి చెప్పించిరి. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామమున హైమన్‌డార్ఫుగారి పూనికతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ నిచ్చి, గోండీ వాచకములతో చదువు మొదలిడిరి. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయతోగూడ ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక పాఠములను తెలుగులిపిలో సిద్ధపరచి బోధింపజొచ్చెను. ఈ మూడింటను సాధనములు పేదవి: పలక, వాచకము, బిడ్డభాష తెలిసిన మనిషి. సాంకేతికమను మాటకు పనికి తగిన పరికరమని యర్థమైనచో, నా దృష్టిలో వీనికంటె నిక్కమైన సాంకేతిక సాధనములు లేవు.

ఆ మూడవ సాధనమును గూర్చియే నాకు దిగులు. 2000 జనవరిలో వెలువడిన మూడవ నంబరు ప్రభుత్వోత్తర్వు, షెడ్యూల్డు ప్రాంతపు బళ్లలోని ఉపాధ్యాయ పదవులన్నింటిని స్థానిక గిరిజనులకే కేటాయించినది. నూరింటికి నూరు రిజర్వేషను రాజ్యాంగసమ్మతము గాదని సుప్రీముకోర్టు 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసినది. ఆ తీర్పు యొక్క న్యాయాన్యాయముల విచారణ నా పని కాదు. ఆ యేడే తెరపాఠములును వచ్చినవి. రెండింటికిని కార్యకారణ సంబంధము లేదు. అయినను గూడెపు బడిపక్షమున చూచినచో, ఇంటిభాష తెలిసిన మనిషి వచ్చునను భరోసా తగ్గిన సంవత్సరమును, ఆ భాష తెలియని గొంతు వచ్చిన సంవత్సరమును ఒకటియే. నేను కోయను గాను. ఆ తీర్పువలన నావంటివారికి అచ్చటి బళ్లలో చోటు కలిగినది. కావున ఈ మాట పరులను దూరుటకై వ్రాయుట లేదు. ఆ చోటులో నేను కూర్చుండి, నా యజ్ఞానమును తెరవెనుక దాచుకొందునా యనునదియే నా భయము.

ఈ నేల సంగతియు చెప్పవలయును. భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి ఖమ్మమున చేరినది. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు మారినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేరైనది. 2005 తరువాతి కల్లోలమునకు వెరచి ఛత్తీస్‌గఢ్ అడవులనుండి వచ్చిన గుత్తికోయలు ఇచ్చటి అడవులలో గుడిసెలు వేసికొనిరి. సరిహద్దులు ఇన్నిమార్లు కదలినను గూడెపు భాష కదలలేదు. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుటను తెలుగు, ఒక పుటను ఇంగ్లీషుగా పుస్తకముల నిచ్చిరి. పట్టణపు బిడ్డకు ఆ రెండింటిలో ఒకటి అమ్మభాష. కోయబిడ్డకు రెండును పరభాషలే. విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధింపుమని 2009లోనే చెప్పినది. "సాధ్యమైనంతవరకు" అను మాటలో ఎన్ని గూడెములు మరుగుపడినవో!

అట్లయిన అడవిబిడ్డకు యంత్రము వలదనెదవా యని మీరడుగవచ్చును. అట్లనుట పాపము. మన పిల్లల చేతిలో నున్నదానిని వారికి నిరాకరించుటకు మనమెవరము? యంత్రమును త్రోసివేయుమని నా వాదము కాదు. దానిని ఆచార్యపీఠము నుండి దింపి, పరిచారకుని స్థానమున నుంచుమనుటయే. ఇందుకు నేను చేసి చూచినదొకటి గలదు. అదే సెల్‌ఫోనుతో గూడెములోని యొక యవ్వ తునికాకు కోతను గూర్చి కోయలో చెప్పిన మాటలను ఆమె సమ్మతితో పట్టితిని. కట్టకు యాబది ఆకులు. కట్టలు కళ్లములో ఎట్లు పేర్చుదురు, ఎట్లు లెక్కింతురు అని ఆమె చెప్పుచు పోయినది. మరునాడు దానిని తరగతిలో వినిపించితిని. పిల్లలు మూడుమార్లు పెట్టించుకొనిరి. పిమ్మట యాబదవ యెక్కము చెప్పుటకు నాకు శ్రమ కలుగలేదు. యంత్రము అదియే. వక్తయు శ్రోతయు ఒకరినొకరు ఎరిగినవారగుటయే భేదము. నీటిని గూర్చి నోరు మెదపని ఆ బాలికయే ఆకుల లెక్కలో ముందుగా బదులు చెప్పినది.

యంత్రములే భాషలు నేర్చుచున్నవి గదా యని మరికొందరందురు. 2025 సెప్టెంబరున కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖవారు ఆదివాణి యను అనువాద సాధనమును వెలువరించిరి. సంతాలీ, భీలీ, ముండారీ భాషలతో పాటు గోండీయు అందు గలదు. సంతోషమే. కాని గోండీ కోయకు దగ్గరి చుట్టమే గాని కోయ కాదు. రేపు కోయయు చేరవచ్చును. చేరినను అందలి మాటలు ఎవరో యొక తల్లి నోటినుండి రావలసినవే. ఆమెను బడికి పిలిచి, గౌరవించి, తగిన ప్రతిఫలమిచ్చి అడిగిననాడు ఆ సాధనమును ఔచిత్యము గలదియే యగును.

ఇక నా వ్యాసమును తిరిగి వ్రాయవలసియున్నది. ఎనిమిది పుటలును చింపివేయను. కదలుబొమ్మల గుణములను గూర్చిన రెండు పుటలు నిలుచును. తక్కినచోట మూడు నియమములు వ్రాసికొంటిని. తెరపాఠమును పిల్లలకు చూపుటకు ముందు ఆ యూరి పెద్దబిడ్డతోనో తల్లితోనో కూడి విని, రెండు భాషలలో రెండర్థములిచ్చు మాటలను గుర్తుపెట్టుకొనవలయును. తెర ప్రశ్న యడిగినచోటనెల్ల దానిని ఆపి, బదులు నేను వినవలయును. నాకు వింతగా తోచిన బదులును తప్పనుటకు ముందు, ఎందుకట్లు చెప్పితివని యడుగవలయును.

చదువరులారా! మీలో పలువురు పుణ్యముకొరకో, పెద్దల జ్ఞాపకార్థమో అడవిబడులకు టెలివిజనులను, ట్యాబులను పంపువారు గలరు. పంపుడు, వలదనను. కాని పంపునప్పుడు ఆ బడివారిని ఒక్క ప్రశ్న యడుగుడు: "బిడ్డలు ఇంట మాటలాడు భాష మీలో నెవరికి వచ్చును?" ఎవరికిని రాదని వారు చెప్పినచో, ఆ సొమ్ములో కొంత ఆ గూడెపు చదువుకొన్న యువతి యొకతెకు నెలజీతముగా నిచ్చు ఉపాయము నాలోచింపుడు. వాకిటి చేతిపంపును చూపిన బిడ్డ ఏమి చెప్పినదో తెరముందు నిలిచి చెప్పగలిగినది అట్టి యామెయే.