సౌకర్యమూ సౌఖ్యమూ

'ఎమెనిటీ' అనే ఇంగ్లీషు మాటను తెలుగులో సౌకర్యమనీ, వసతి అనీ, సదుపాయమనీ అనువదించడం పరిపాటి. వ్యవహారానికి ఈ మూడూ చాలును. కాని మూలపదంలోని జీవార్థం వీటిలో దేనిలోనూ లేదు. ఇందుకు అనువాదకులను మాత్రమే తప్పుపట్టరాదు. ఆ మాట తన పుట్టుకను తాను మరచి చాలకాలమైనది.

లాటిన్ భాషలో 'అమోయెనుస్' అంటే మనోహరమైనదని అర్థం. ముఖ్యంగా అది ప్రదేశానికి విశేషణం. చెట్ల నీడ, పచ్చిక, పారే నీరు, పిల్లగాలి కూడిన చోటును వర్ణించడం పాశ్చాత్య కవులకు ఒక సంప్రదాయం. మన ప్రబంధాలలోని ఉపవన సరోవర వర్ణనల వంటిదే. 1948లో వెలువడిన తన గ్రంథంలో జర్మన్ విమర్శకుడు ఎర్నెస్ట్ రాబర్ట్ కుర్టియుస్ ఈ సంప్రదాయాన్ని విపులంగా చర్చించాడు. ఈ శబ్దానికి ప్రేమార్థకమైన ధాతువుతో చుట్టరికం ఉండవచ్చునని పండితుల ఊహ. ప్రాచీనులు మరొక వ్యుత్పత్తి కూడా చెప్పారు: ఫలసాయమీయనిది, ప్రీతిని మాత్రమే ఇచ్చేది అని. శబ్దశాస్త్రం దీనిని అంగీకరించకపోవచ్చును. రసజ్ఞుడు మాత్రం విడిచిపెట్టలేడు.

15వ శతాబ్దిలో ఈ మాట ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించింది. స్థలంలోని రమ్యతను, మనుష్యుల నడవడిలోని మాధుర్యాన్ని తెలిపేది. 1909 నాటి బ్రిటిష్ గృహ, పట్టణ నిర్మాణ చట్టం పారిశుద్ధ్యం, రమ్యత, సౌకర్యం అనే మూడింటినీ వేరువేరుగా పేర్కొన్నది. అంటే సౌకర్యానికి పక్కనే మరొక మాట ఉండగా, ఈ మాట ఇంకా తన అర్థంలోనే నిలిచి ఉన్నదన్నమాట. ఆ పిమ్మట అది బహువచనమై, లెక్కకు వచ్చే వస్తువుల పట్టిక అయినది. రైలు స్టేషనులో కుళాయి, బెంచీ, మరుగుదొడ్డి, విశ్రాంతిగది: ఇవి నేటి 'ఎమెనిటీలు'. ఇవి అల్పమైనవని ఎవరూ అనరు. మూడవ తరగతి ప్రయాణికుల దుర్భర స్థితిని గూర్చి గాంధీజీ 1917లో వ్రాసిన కరపత్రం చదివినవారు అసలే అనరు. అయితే పట్టిక పూర్తి అయినంత మాత్రాన సౌఖ్యం సమకూరుతుందా?

ఈ ప్రశ్నకు మన సాహిత్యంలో ఒక గొప్ప సమాధానం బిలాస్‌పూర్ స్టేషనులో లభిస్తుంది. రవీంద్రుని 'పలాతకా' సంపుటి 1918లో వెలువడినది. అందులోని 'ఫాంకి', అనగా వంచన, అనే కథాకావ్యానికి రంగస్థలం ఆ స్టేషనే. వ్యాధిగ్రస్తురాలైన ఇరవైమూడేండ్ల బిను గాలిమార్పుకై భర్తతో బయలుదేరుతుంది. పెండ్లి అయిన తరువాత ఆమె అత్తవారిల్లు విడవడం అదే మొదలు. బిలాస్‌పూరులో బండి మారవలె. ఆరు గంటలు నిరీక్షించవలె. భర్తకు అది పీడ, ఆమెకు పండుగ. చెరువుగట్టున చెట్టునీడలో చిన్న ఇల్లు చూచి, అందులోనివారు ఎంత సుఖంగా ఉన్నారో అని మురిసిపోతుంది. నీరు, నీడ, నెమ్మది! లాటిన్ కవుల రమ్యస్థలం రైలుకట్ట పక్కనే ఆమె కంట పడినది. నిరీక్షణశాల ఇద్దరికీ ఒకటే; సౌఖ్యం మాత్రం ఒక్కరికే.

ఆ సంతోషం ఆమెలో దాతృత్వంగా మారుతుంది. నూతి దగ్గరి కూలీల ఇండ్లలో ఉండే రుక్మిణి కూతురి పెండ్లికి ఇరవైఐదు రూపాయలు ఇమ్మని భర్తను కోరుతుంది. కరవుకూ, జమీందారు బాధకూ తాళలేక వలస వచ్చిన కుటుంబమది. అతడు సరేనని, చాటుకు పిలిచి రుక్మిణిని బెదిరించి, రెండు రూపాయలతో సరిపెడతాడు. రెండు నెలలకు బిను తృప్తితో కన్ను మూస్తుంది. పశ్చాత్తప్తుడైన భర్త తిరిగివచ్చేసరికి రుక్మిణి కుటుంబం ఎక్కడికో వెళ్ళిపోయినది. ఋణం ఋణంగానే మిగిలినది.

కవి నేర్పు ఇక్కడ గమనింపదగినది. వసతిగదికీ కూలీల ఇండ్లకూ మధ్య ఉన్న దూరాన్ని ఆయన ఉపన్యసించడు; ఇరవైఐదుకూ రెండుకూ మధ్య ఉన్న భేదంలో ఇముడ్చుతాడు. ఒకరి సౌకర్యం చుట్టూ మరొకరి చాకిరి ఉన్నదన్న సత్యాన్ని బిను గుర్తించినది, భర్త గుర్తించలేదు. ఆమె సుఖానికి అర్థం ఆ గుర్తింపే.

మన భాష ఈ భేదాన్ని కాపాడుకొన్నది. సౌకర్యమంటే సుకరత్వం, పని సులువు. సుఖమన్నది ఋగ్వేదంలో రథానికి విశేషణం. ఇరుసురంధ్రం చక్కగా ఉండి సాఫీగా నడిచేదని ఒక వ్యుత్పత్తి. అది సాగే నడకకు చెందిన గుణం.

2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైనది. ఊరి చెంత బోద్రీలో నేడు ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానం వెలసినది. వసతులు పెరిగినవి, పెరగవలసినవే. రుక్మిణికి చెల్లని ఇరవైమూడు రూపాయల వ్యాజ్యం మాత్రం ఏ న్యాయస్థానానికీ అందేది కాదు. దానిని శతాబ్దానికి పైగా పాఠకుల అంతఃకరణమే విచారిస్తున్నది.