పోయొచ్చినోళ్లు చెప్పాలె

గల్ఫ్ సంగతి తెలియని ఇల్లు చొప్పదండిలో దొరకదు. అన్నో, బావో, మేనల్లుడో ఒకరు దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. 1970ల్లో చమురు ధర పెరిగి ఎడారుల్లో రోడ్లూ భవనాలూ లేవడం మొదలైనప్పటి నుంచీ కరీంనగర్ పల్లెలు మనుషులను పంపుతూనే ఉన్నాయి. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మన బతుకును మనమే మూడు మాటల్లో చెప్పుకున్నాం. యాభై ఏళ్ల అనుభవం ఉన్న ఊళ్లివి. అయినా ఈ వారం శంషాబాద్‌లో విమానం ఎక్కే పిల్లగాడు, తన ఊరి నుంచి తానే మొదట పోతున్నట్టు పోతున్నాడు. చేతిలో కాయితం ఉంటుంది, అందులో ఏముందో తెలియదు. దిగాక మొదటి నెల ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? రైతు తన చేనులో ఏ విత్తనం మొలిచిందో, ఏది ముంచిందో గట్టు మీద నిలబడి పక్క చేనాయనకు చెబుతాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు మాత్రం చెప్పడు. నెల రోజుల సెలవులో చుట్టాలకు సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు, వేములవాడకు ఒకసారి, కొండగట్టుకు ఒకసారి. అప్పు ఇంకా తీరలేదని, గదిలో పది మంది పడుకుంటామని, కాంట్రాక్టులో ఒక పని రాసి ఇంకో పని చేయించారని చెబితే పరువు పోతుందని భయం. ఆ మౌనం మీదే ఏజెంటు బతుకుతాడు.

నేనూ కొన్నేళ్లు అక్కడి క్యాంపుల్లో ఉండి వచ్చినవాణ్నే. ఇప్పుడు ఆదివారం పూట పిల్లలు కాయితాలు పట్టుకొని మా ఇంటికి వస్తుంటారు, చదివిపెట్టమని. కాయితం చదవడం కూడా ఒక పనితనమే, దానికీ ఒక వరుస ఉంది. అరబ్ ఎమిరేట్స్‌కు పోతున్న ఒక పిల్లవాడితో మాట ఇలా సాగింది.

“జీతమెంతరా?”

“వెయ్యి దిరాములు కాకా.”

“బేసిక్ ఎంత?”

“అదేంది? వెయ్యంటే వెయ్యే గదా!”

వెయ్యంటే వెయ్యి కాదు. అతని కాయితంలో బేసిక్ 600, మిగిలిన 400 అలవెన్సులు. ఎమిరేట్స్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) లెక్కకైనా, పని వదిలేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకైనా బేసిక్కే ఆధారం. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన అక్కడి కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీ కింద వస్తుంది. బేసిక్ 1,000 ఉంటే ఏడాదికి 700 దిర్హాములు, 600 ఉంటే 420. ఓటీకి గంట బేసిక్ మీద పావు వంతు ఎక్కువ ఇవ్వాలి, రాత్రి పది దాటితే సగం ఎక్కువ. ఆ ఒక్క అంకె అడగకుండా సంతకం పెడితే రెండేళ్ల పాటు గంట గంటకూ నష్టమే.

ఇంకో సంగతి. కూలీకి అర్థమయ్యే భాషలో ఉద్యోగ పత్రం ఇవ్వాలని 2016లో ఎమిరేట్స్ నియమం తెచ్చింది. అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం లాంటి భాషలు పెట్టారు. ఆ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి మనవాళ్లు హిందీ పత్రమైనా అడిగి తీసుకోవాలి, ఇంట్లో డిగ్రీ చదివే చెల్లెతోనైనా చదివించుకోవాలి. ఇక్కడ చూపించిన పత్రం, అక్కడ సంతకం పెట్టించుకునే పత్రం ఒకటేనా అని పోల్చుకోవడానికి ఫోన్‌లో ఫొటో ఉండాలి.

కాయితం తర్వాత అప్పు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. ఇది భారత ప్రభుత్వం పెట్టిన హద్దు. ఎమిరేట్స్ చట్టమైతే నియామకం ఖర్చు యజమానే పెట్టుకోవాలంటుంది. మన దగ్గర లక్షన్నర కన్నా తక్కువ అడిగే ఏజెంటు అరుదు. ఆ లక్షన్నర నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తారు. లెక్క వేసి చూపిస్తాను. వెయ్యి దిర్హాముల్లో తిండికీ, ఫోనుకూ, సబ్బులకూ 400 పోతే 600 మిగులుతుంది. దిర్హాముకు 23 రూపాయలు వేసుకుంటే 13,800. ఇంటికి నెలకు ఐదు వేలు పంపి మిగతా 8,800 అప్పుకు కడితే, మిత్తితో కలిపి ఆ అప్పు తీరడానికి 21 నెలలు పడుతుంది. వీసా రెండేళ్లది. అంటే తనకోసం సంపాదించేది ఆఖరి మూడు నెలలే. ఈ లెక్క కాయితం మీద వేసి చూపిస్తే కొందరు ఆగిపోతారు, కొందరు బేరమాడతారు, కొందరు ఎట్లయినా పోతారు. ఎవరి నిర్ణయం వాళ్లదే, కాని లెక్క తెలిసి పోవడం వేరు.

పాస్‌పోర్టు రకం చూడటం కూడా ఈ చదువులో భాగమే. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస అనుమతి అవసరమైనది. 1983 వలసల చట్టం కింద వీళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు. పది పాసైతే ఆ అనుమతి అక్కర్లేదు. పిల్లలు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి అనుమతి అక్కర్లేదంటే కాంట్రాక్టును సర్కారు తరఫున చూసేవాడు లేడని, బీమా దానంతట అది రాదని అర్థం. అనుమతి అక్కర్లేని ఈసీఎన్నార్ వాళ్లూ కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదు చేసుకోవాలని 2018లో ఉత్తర్వు ఇచ్చి ఆపేశారు. ఇష్టపడి నమోదు చేసుకోవచ్చు. చేసుకోండి, బీమా ఏదో ఒకటి విడిగా కట్టండి. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వెతుక్కుందామనేవాళ్లకు ఈ రక్షణల్లో ఒక్కటీ వర్తించదు.

ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అయిదు నిమిషాల్లో చూడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది. ‘మా బావమరిదికి తెలిసినాయన’ అనేది లైసెన్సు కాదు.

ఇక సంచి. అమ్మ ప్రేమతో కట్టిచ్చే మసాలాల్లో గసగసాలు ఉండొద్దు. మన వంటింట్లో అది దినుసు, ఎమిరేట్స్, సౌదీ, ఖతార్‌లలో మాదకద్రవ్యం కింద నిషేధం. దాని వల్ల విమానాశ్రయంలోనే పట్టుబడి జైలుకు పోయినవాళ్లున్నారు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోవద్దు. పక్కింటివాళ్లు ‘మావోనికి ఈ పచ్చడి డబ్బా ఇయ్యి బిడ్డా’ అంటే మూత తీసి చూడండి. వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. తెలియనివాళ్ల పార్సిల్ అయితే ముట్టుకోనే వద్దు.

దిగాక మొదటి నెల గురించి మనవాళ్లు అసలే మాట్లాడరు. చేయాల్సినవి కొన్నే, కాని ఆ నెలలోనే చేయాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం గల్ఫ్ దేశాల చట్టాలకు కూడా విరుద్ధమే. అడిగితే ఇవ్వరు, అది వేరే సంగతి. అందుకే ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసి ఇంటికి పంపాలి. అకామా గానీ, పతాకా గానీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, ఎప్పుడొస్తుందో అడుగుతూ ఉండాలి, అది లేకుండా బయట తిరగొద్దు. జీతం బ్యాంకులో పడాలి. ఎమిరేట్స్‌లో 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి ఉంది, ఆ లెక్క కార్మిక శాఖకు కనపడుతుంది. చేతికి నగదు ఇచ్చి సంతకం తీసుకుంటే రేపు జీతం ఆగినప్పుడు చూపించడానికి సాక్ష్యం ఉండదు. పనిచేసిన గంటలు, ఓటీ రోజూ ఒక చిన్న నోటుబుక్కులో తేదీతో రాసుకోవాలి. లేబర్ కోర్టు దాకా పోతే ఆ నోటుబుక్కు పనికొస్తుంది.

ఎండ గురించి మనం ధీమాగా ఉంటాం. కరీంనగర్ ఎండల్లో పెరిగినవాళ్లం, మాకేమైతదంటాం. సముద్రం పక్కన ఉక్కపోత వేరు, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కొత్తవాళ్లకు మొదటి రెండు వారాలే ఎక్కువ ప్రమాదం, ఒంటికి అలవాటు కావడానికి అంత సమయం కావాలి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. దాహం కాకముందే నీళ్లు తాగాలి. మూత్రం పసుపు ముదిరితే నీళ్లు చాలడం లేదని గుర్తు. ఏళ్ల తరబడి ఇది పట్టించుకోకపోతే కిడ్నీలు పాడవుతాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆరో నెలలోనో, ఏడాదికో వస్తుంది. జీతం తక్కువ, బయట ఎవరో ఎక్కువ ఇస్తామంటున్నారు, కంపెనీ వదిలి పోదామా అని. ఆజాద్ వీసా అని డబ్బు పోసి కొన్నవాళ్లకు ఈ ప్రశ్న మొదటి రోజే వస్తుంది. వీసా ఒకరిది, పని ఇంకొకరి దగ్గర. పట్టుబడితే నేరం వీసా ఇచ్చిన కఫీల్ ఒక్కడిదే కాదు, మనదీ. కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయ్యాక ఎమిరేట్స్‌లో గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా. నెలకు 1,500. వెయ్యి దిర్హాముల కూలీకి జీతం కన్నా జరిమానా పెద్దది. ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) వస్తుందిలే అని కూర్చుంటారు. ఎమిరేట్స్‌లో 2018లో వచ్చింది, 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా మళ్లీ ఇచ్చారు. అది వచ్చేదాకా ఏళ్ల తరబడి దాక్కొని బతికినవాడు అమ్మ చావుకు కూడా రాలేడు. ఇబ్బంది ఉంటే పారిపోయే ముందు ఫిర్యాదు చేయాలి. కార్మిక శాఖ ఉంది, మన రాయబార కార్యాలయం ఉంది, ‘మదద్’ పోర్టల్ ఉంది. దుబాయి కాన్సులేట్ సహాయ కేంద్రం నంబర్ 80046342, అక్కడి నుంచి చేస్తే డబ్బు పడదు.

నా దగ్గరకు కాయితాలతో పిల్లగాడు ఒక్కడే వస్తే, వచ్చే వారం భార్యనో, అమ్మనో తోలుకొని రమ్మంటాను. పరదేశంలో కుదురుకోవడం సగం ఇక్కడి ఇంట్లో జరుగుతుంది. కొడుకు ఏ కంపెనీలో పనిచేస్తాడో తెలియని ఇళ్లు మన మండలంలో ఎన్నో. ఫోన్ వారం రాకపోతే ఎవరిని అడగాలో దిక్కు తోచదు. అందుకే ఇంట్లో ఒక ఫైలు ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాయితాల నకళ్లు, కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడుందో, పతాకా నంబరు, గదిలో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు. అవి మామ బీరువాలో కాదు, భార్య చేతిలో ఉండాలి. డబ్బు కూడా ఆమెకు తెలిసిన బ్యాంకు ఖాతాలోకే రావాలి. హుండీ వాడు రెండు పైసలు ఎక్కువ ఇస్తాడు, కాని ఆ డబ్బు చట్టం కంటికి లేనిదే, రేపు ఇంటికో భూమికో పెట్టినప్పుడు ఎక్కడిదని అడిగితే జవాబుండదు. బీమాలో, బ్యాంకులో నామినీ పేరు రాయించడం కూడా మరిచిపోతుంటారు.

2024 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం, గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ఐదు లక్షల సాయం ప్రకటించింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. మంచిదే. కేరళ 1996లోనే నోర్కా పేరుతో ఏకంగా ఒక శాఖ పెట్టుకుంది. మనకు ఆలస్యమైంది, అది కూడా చావు తర్వాత సాయంతో మొదలైంది. బతికుండగా అందాల్సిన సాయం సమాచారం. అది సర్కారు దగ్గర కన్నా మన గల్లీల్లోనే ఎక్కువ ఉంది, నోరు తెరవడం లేదంతే.

నేను అడిగేది చిన్న పని. సెలవు మీద వచ్చినవాళ్లు, పూర్తిగా వచ్చేసినవాళ్లు, పోబోయే ఒక్క పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని మూడు నిజాలు చెప్పండి. చేతికి నిజంగా ఎంత వచ్చింది, ఏజెంటుకు మొత్తం ఎంత ఇచ్చారు, కష్టం వచ్చిన రోజు ఎవరు పనికొచ్చారు. సర్పంచులు, కౌన్సిలర్లు వింటుంటే ఇంకొకటి. గ్రామ పంచాయతీలోనో, వార్డు ఆఫీసులోనో నెలకొకసారి ఈ మాటలకు ఒక గంట పెట్టండి, మహిళా సంఘాలను కూడా పిలవండి. పరువు సంగతంటారా, అప్పు తీరలేదని చెప్పినవాడిని ఊరు నాలుగు రోజులు ఆడిపోసుకుంటుంది. ఐదో రోజు ఎవడో ఒక పిల్లగాడు ఏజెంటు ముందు కూర్చొని ‘బేసిక్ ఎంత?’ అని అడుగుతాడు. ఆ బేరానికి ఈ మాట పడటం నష్టమేమీ కాదు.