ష్నాబెల్ ముప్పై రెండు సొనాటాలు: పెట్టె మొత్తం కొనాలా?

1930ల మొదట్లో లండన్‌లో హెచ్.ఎమ్.వి. కంపెనీ సంగీతప్రియుల ముందు ఒక కొత్త బేరం పెట్టింది. బీతోవెన్ రాసిన ముప్పై రెండు పియానో సొనాటాలనూ ఆర్టుర్ ష్నాబెల్ చేత వాయించి రికార్డు చేయిస్తాం, మీరు ముందుగా చందా కట్టండి, ప్లేట్లు సంపుటాలుగా మీ ఇంటికొస్తాయి అన్నది ఆ బేరం. ఆర్థిక మాంద్యం రోజులవి. పేరున్న ఒకటి రెండు సొనాటాలైతే దుకాణంలో అమ్ముడుపోతాయేమో గాని, మొత్తం ముప్పై రెండింటిని సొంత ఖర్చుతో అచ్చువేసే ధైర్యం ఏ కంపెనీకీ లేదు. చందాదారులను ముందే పోగేసే ఈ పద్ధతి వాల్టర్ లెగ్ అనే యువకుడి ఆలోచన. హ్యూగో వోల్ఫ్ పాటలతో ఒకసారి పెట్టి చూశారు, పని చేసింది. దాంతో బీతోవెన్ సొనాటా సొసైటీ పుట్టింది. ఆ చందాదారులు అప్పటికింకా ఎవరూ వాయించని సంగీతానికి డబ్బు కట్టారు.

ఇవాళ కొనుగోలుదారుడి చిక్కు దీనికి తలకిందులు. అంతా రికార్డయి ఉంది, అంతా పెట్టెల్లో ఉంది. ఆర్టుర్ రూబిన్‌స్టీన్ పెట్టెలో 142 సీడీలు. ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ ఫిలిప్స్ రికార్డింగుల పెట్టెలో 114. గ్లెన్ గూల్డ్ కొలంబియా పెట్టెలో 81. సీడీ ఒక్కంటికి లెక్కగడితే విడిగా కొన్నదానికన్నా చాలా చవక. ఆ చవకే మనిషిని తొందరపెడుతుంది. నా మటుకు నేను పెట్టె ముందు నిలబడి ధర చూసేలోపు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ ‘సంపూర్ణం’ ఎవరిది? వాయించినవాడు ఇదంతా ఒకటిగా ఊహించి చేసిన పనా, లేక అతను పోయాక కంపెనీ తన గోదాములో ఉన్నదంతా ఒకచోట చేర్చిందా? మొదటిదైతే అప్పు చేసైనా కొనదగ్గది. రెండోదైతే తూకం వేయాలి.

ష్నాబెల్ పెట్టె మొదటి రకానికి నిలువెత్తు ఉదాహరణ. 1882లో పుట్టి, వియన్నాలో లెషెటిట్‌స్కీ దగ్గర నేర్చుకున్న ఈ మనిషి, బీతోవెన్ శతవర్ధంతి అయిన 1927లో బెర్లిన్‌లో మొత్తం సొనాటాలను వరస కచేరీలుగా వాయించారు. అదే దశాబ్దంలో వాటికి తన సంపాదకత్వంలో ముద్రణ తెచ్చారు. ఆ ప్రతిలో వేళ్ల గుర్తులతో పాటు రోమన్ అంకెలు కనిపిస్తాయి. ఒక సంగీత వాక్యం ఎన్ని గడుల్లో పూర్తవుతుందో అవి చెబుతాయి. నాలుగు గడులకోసారి ఊపిరి తీసుకోవడం పియానిస్టుల చేతులకు అలవాటు. ఇక్కడ వాక్యం మూడు గడుల్లోనే ముగిసింది, అక్కడ అయిదు దాకా సాగింది, చూసి వాయించు అని ఆ అంకెలు హెచ్చరిస్తాయి. ఇంతటి మనిషి రికార్డింగంటే ఏళ్ల తరబడి ముఖం తిప్పుకున్నారు. ఒకసారి వాయించినది అదే రూపంలో మళ్లీ మళ్లీ మోగడం సంగీత స్వభావానికే విరుద్ధమని ఆయన నమ్మకం. ఒప్పించి కూర్చోబెట్టేసరికి ఆయనకు దాదాపు యాభై ఏళ్లు.

1932 నుంచి 1935 దాకా, కొత్తగా తెరిచిన అబీ రోడ్ స్టూడియోలో పని సాగింది. నడుమ 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే యూదుడైన ష్నాబెల్ బెర్లిన్ విడిచిపెట్టారు. లండన్ పని మాత్రం ఆగలేదు. అప్పటి పద్ధతిలో శబ్దాన్ని నేరుగా మైనపు పలక మీదికి చెక్కేవారు. ప్లేటుకు ఒక్కో పక్క నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. టేపు లేదు, కత్తిరించి అతికించడం లేదు. మూడో నిమిషంలో వేలు జారితే రెండే దారులు: ఆ పక్క మొత్తం మళ్లీ వాయించాలి, లేదా తప్పును ఉండనివ్వాలి. మన పద్యనాటకాల సెట్లు కుక్కబొమ్మ ప్లేట్ల మీద విన్న ఇళ్లవారికి ఈ ఇరుకు కొత్తది కాదు. రాగాలాపన ఊపందుకునేలోపే ముల్లు చివరి గీతకు చేరేది. పాడేవారు పద్యాన్ని ఆ కొలతకు సర్దుకునేవారు. బీతోవెన్‌ను సర్దడానికి లేదు. పది గంటల సంగీతాన్ని నాలుగు నిమిషాల ముక్కలుగా చేస్తూ, ముక్కలైనట్టు తెలియకుండా వాయించాలి. ఈ పెట్టెలోని పనితనమంతా ఇక్కడ మొదలవుతుంది.

ఓపస్ 111, అంటే చివరి సొనాటా, రెండో భాగం తీసుకోండి. ఇది వేరియేషన్ల రూపంలో ఉంటుంది, ష్నాబెల్ చేతిలో సుమారు పద్దెనిమిది నిమిషాలు. చాలా సాదా అయిన ఒక పాట మొదట వస్తుంది. తరవాత ప్రతి వేరియేషన్‌లోనూ లయ మరింత సన్నని ముక్కలుగా విడిపోతుంది, కాలప్రమాణం మాత్రం మారకూడదని బీతోవెన్ రాసిపెట్టాడు. మూడో వేరియేషన్‌లో స్వరాలు గంతులేస్తాయి. అక్కడ పరుగెత్తని పియానిస్టు అరుదు. ష్నాబెల్ పరుగెత్తరు. మొదటి పాటలో ఏ నాడి కొట్టుకుందో అదే నాడి కింద నిలబడి ఉంటుంది, పైన మాత్రం అలలు పెరుగుతూ పోతాయి. ఆ నిబ్బరం వల్లే ఆ గంతుల్లో ఉన్న ఆనందం వినిపిస్తుంది. చివర్లో ఎత్తున దీర్ఘంగా మోగే ట్రిల్ కింద అదే పాట తిరిగి వస్తుంది. ఇప్పుడు గుర్తుంచుకోండి. ఈ పద్దెనిమిది నిమిషాలు ఆయన ఏకబిగిన వాయించలేదు. ఒక పక్క నిండగానే ఆగారు, కొత్త పలక ఎక్కించారు, మళ్లీ మొదలుపెట్టారు. ఆగినచోట ఉన్న నాడిని, బరువును, చేతి వేడిని మనసులో పట్టుకుని తిరిగి అక్కడినుంచే ఎత్తుకున్నారు. అతుకు వినిపించకపోవడంలో యంత్రం ఘనత కొంతే, ఆయన జ్ఞాపకశక్తిదే ఎక్కువ.

ఓపస్ 106 మరో కథ. ముప్పై రెండు సొనాటాల్లో బీతోవెన్ తన చేత్తో మెట్రోనోమ్ కొలత రాసినది ఈ ఒక్కదానికే. మొదటి భాగానికి ఆయన ఇచ్చినది అరస్వరానికి 138. మనిషి వేళ్లకు అది అసాధ్యమని చాలామంది ఆ అంకెను పక్కన పెట్టి, గంభీరంగా, పదీ పదకొండు నిమిషాల్లో వాయిస్తారు. ష్నాబెల్ ఆ అంకెను నమ్మారు. ఆ భాగం తొమ్మిది నిమిషాల లోపే ముగుస్తుంది. తప్పు స్వరాలు వినిపిస్తాయి, దాచలేనన్ని. చివరి ఫ్యూగ్‌లోనైతే చేతులు ఊబిలో పడి లేచినట్టే ఉంటుంది. ఈ రికార్డింగును విమర్శించేవారు మొదట ఎత్తిచూపేది ఇదే. నేను మాత్రం ఈ తప్పులను లోపాల పద్దులో వేయలేను. అంత వేగంలో వింటే మొదటి భాగం ఊరేగింపులా కాకుండా ఎవరో గొంతు పెంచి వాదిస్తున్నట్టు ఉంటుంది. ఆ వాదన వేడి తెలిశాక, శుభ్రంగా నింపాదిగా సాగే రికార్డింగుల్లో ఏదో చల్లారినట్టు తోస్తుంది. మూడోదిగా వచ్చే నెమ్మది భాగం, వేగం విషయంలో ఆయనది మొండితనం కాదని తేలుస్తుంది. అక్కడ ఆయనకు ఎంత నెమ్మదైనా భయం లేదు. మీటను నొక్కాక మిగిలే మోతను చివరిదాకా విని, తరవాతి స్వరాన్ని దాని పక్కన పెడతారు.

అయినా పెట్టె మొత్తం ఎందుకు కొనాలన్నదానికి నా జవాబు ఈ మహా సొనాటాల్లో లేదు. ఇవి విడిగానూ దొరుకుతాయి. జవాబు ఓపస్ 54లో ఉంది. ముందు ‘వాల్డ్‌స్టైన్’, వెనక ‘అపాషనాటా’. రెండు కొండల మధ్య పన్నెండు నిమిషాలైనా లేని రెండు భాగాల చిన్న సొనాటా. దీనికోసం దుకాణానికి వెళ్లేవారెవరూ ఉండరు. మొదటి భాగం మినుయెట్ నడకలో మర్యాదగా మొదలవుతుంది. హఠాత్తుగా రెండు చేతులూ మోటుగా, గట్టిగా విరుచుకుపడతాయి. మర్యాద తిరిగి వస్తుంది, ఈసారి కొంచెం నగలు తొడుక్కుని. మళ్లీ వచ్చినప్పుడు ఇంకొన్ని నగలతో. ష్నాబెల్ ఆ మోటుతనాన్ని నునుపు చేయరు, ఆ మర్యాదను ఎగతాళి చేయరు. రెండింటినీ ఒకే మనిషి స్వభావంలోని రెండు పక్కలుగా వినిపిస్తారు. వరసలో వింటూ ఇక్కడికి వచ్చిన శ్రోతకు ఇదివరకటి సొనాటాల్లోని ఎన్నో చిలిపి పనులు గుర్తుకొస్తాయి. పియానో నేర్చుకునే పిల్లలు వాయించే ఓపస్ 49 జంటకు కూడా ఇదే గౌరవం దక్కింది. ఏది చిన్నది, ఏది పెద్దది అన్న తరతమాలు వాయించేవాడి చేతుల్లో లేకపోవడమే ‘సంపూర్ణం’ అనే మాటకు అర్థం. ఏరి కూర్చిన సీడీ ఏదీ దీన్ని చూపించలేదు.

ఇక ఈ ప్లేట్లను మన కాలానికి తెచ్చిన పనివారి మాట. షెల్లాక్ ప్లేటు మీద ముల్లు చేసే జిరజిర తప్పదు. ఇంగ్లండులో అచ్చయిన వాటిలో అది ఎక్కువ, అమెరికా విక్టర్ కంపెనీ అచ్చుల్లో తక్కువ. కాబట్టి మొదటి పని మంచి ప్రతులను వెతకడం. తరవాతి పని ప్రతి పక్కకూ వేగం సరిచూసి, అతుకు దగ్గర శ్రుతి, గది మోత కలిసేలా చేయడం. చివరిది, అన్నిటికన్నా సున్నితమైనది, ఎంత శబ్దం తీసేయాలన్న నిర్ణయం. పొట్టు చెరిగే తొందరలో బియ్యమూ ఎగిరిపోయినట్టు, జిరజిరను పూర్తిగా వడకడితే పియానో పై స్వరాల మెరుపు దానితో పాటే పోతుంది. నాక్సోస్ కంపెనీ కోసం మార్క్ ఓబర్ట్-థార్న్ చేసిన రూపంలో కొంత శబ్దాన్ని ఉండనిచ్చారు, పియానో పియానోలా ఉంది. హెచ్.ఎమ్.వి. మాతృసంస్థ ఇ.ఎం.ఐ. పాత సరుకు 2013లో వార్నర్ చేతికి వెళ్లింది. వారి పెట్టెలో మొత్తం ఎనిమిది సీడీల్లో సర్దుకుంది. జిరజిర నాలుగు నిమిషాల్లో చెవికి అలవాటవుతుంది. పోయిన మెరుపు మాత్రం తిరిగి రాదు. అందుకే శబ్దం మిగిల్చిన రూపం వైపే నా మొగ్గు.

ఇదే గీటురాయి మీద మిగతా పెట్టెలను గీసి చూస్తే ఫలితాలు ఒకలా రావు. గూల్డ్ పెట్టె కంపెనీ పోగేసినదే అయినా నెగ్గుతుంది. 1964లో కచేరీలు మానేశాక ఆయనకు స్టూడియోనే వేదిక. ఏ ముక్క ఎక్కడ అతకాలో కూడా తానే నిర్ణయించేవారు. ఒక్కో సీడీలో పాత ఎల్.పి. ఎంతో అంతే, దాని అట్టతో సహా ఉంటుంది. ఎనభై నిమిషాలు పట్టే చోట నలభై నిమిషాలే ఉన్నాయని లెక్కలు చూసేవారు విసుక్కుంటారు గాని, ఆ ఎల్.పి.లు అలా కూర్చినవే. 1955 నాటి బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు ముప్పై ఎనిమిది నిమిషాలు, 1981లో అదే న్యూయార్క్ స్టూడియోలో మళ్లీ వాయించినవి యాభై ఒకటి. ఆ రెంటి మధ్య ఇరవై ఆరేళ్ల పనిని ఆ పెట్టె పట్టి ఇస్తుంది.

రూబిన్‌స్టీన్ పెట్టె విషయంలో నేను సగం దగ్గర ఆగుతాను. ఆయన షొపాన్ మజుర్కాలను మూడుసార్లు, నాక్టర్న్‌లను మూడుసార్లు రికార్డు చేశారు. 1938-39 నాటి మజుర్కాల్లో నాట్యం ఉంది, 1965-66 నాటి వాటిలో ఆ నాట్యాన్ని తలచుకోవడం ఉంది. ఈ రెండూ పక్కపక్కన ఉండాల్సిందే. దానికి 142 సీడీలు అక్కర్లేదు. సోవియట్ పియానిస్టు రిక్టర్‌కైతే సంపూర్ణమన్న మాటే నప్పదు. ఇష్టం లేనివి వాయించకపోవడం ఆయన తత్వం. బీతోవెన్ నాలుగు, అయిదు కన్చెర్టోలను ఆయన ముట్టుకోలేదు. పైగా ఎన్నో కంపెనీలకు వాయించారు కనుక ఏ పెట్టె అయినా ఆ ఒక్క కంపెనీ మేరకే పూర్తి. ఆయన్ని కచేరీ కచేరీగా కొనుక్కోవాలి.

ఆనీ ఫిషర్ నా గీటురాయికే పరీక్ష పెడతారు. ఈ హంగేరీ పియానిస్టు 1977లో బుడాపెస్ట్‌లో మొత్తం బీతోవెన్ సొనాటాల పని మొదలుపెట్టారు. ఎంత దిద్దినా తృప్తి కలగక, బతికుండగా విడుదలకు ఒప్పుకోలేదు. 1995లో ఆమె పోయాక హంగరోటన్ కంపెనీ వాటిని బయటికి తెచ్చింది. మొత్తంగా ఊహించినది ఆమే, పూర్తయిందని అననిదీ ఆమే. అయినా కొనమనే అంటాను. ఆమె ఒప్పుకోని ఆ పనిలో ఉన్న నిప్పు, ఒప్పుకుని విడుదల చేసిన ఎన్నో పెట్టెల్లో లేదు.

ష్నాబెల్ విషయంలో మన పాఠకులకు ఒక వెసులుబాటుంది. భారతదేశంలో సౌండు రికార్డింగు హక్కు అరవై ఏళ్లకు తీరిపోతుంది కనుక 1930ల ఆ మూల రికార్డింగులు ఇక్కడ ఎప్పుడో అందరివీ అయ్యాయి. ముందు ఉచితంగానే వినండి, ఓపస్ 54తో మొదలుపెట్టి, ఆ వెంటనే ఓపస్ 10లోని మూడో సొనాటా నెమ్మది భాగం. ఆ తరవాత అవే రెండింటిని మంచి రీమాస్టరింగులో, ఇయర్‌ఫోన్‌తో కాకుండా గదిలో స్పీకర్ల మీద వినండి. ఎడమచేతి కింది స్వరాల్లో తేడా తెలిస్తే డబ్బు దేనికి కడుతున్నారో మీకే తెలుస్తుంది. తెలియకపోతే ప్రస్తుతానికి ఆ ఉచిత ప్రతే చాలు, పెట్టె తొందర లేదు.