ఎంగిలి పద్దు

రైసుమిల్లులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. ధాన్యం, నూకలు, తవుడు, ఊక... సాయంత్రానికి లెక్క తేలితేగాని ఇల్లు చేరేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి పట్టుకుని షుగరు డాక్టరుగారు "తిన్నదల్లా రాసుకు రండి" అంటే లోపల నవ్వుకున్నాను.

నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండింది. బరువు అరకిలో పెరిగింది. ఆయన పుస్తకం తిరగేసి "మీరు రాసినంతే తింటే ఈపాటికి చిక్కి సగమయ్యేవారండి" అన్నారు.

అబద్ధం ఒక్క ముక్క రాయలేదండి, ఆయ్. మా వైపు తినడమంటే అన్నం తినడం. పొద్దున్న పెసరట్టు, ఉప్మా టిఫినులోకి పోతాయి. నాలుగింటి జంతికలు కాఫీ ఖాతా. మా అత్తగారు ఏకాదశినాడు పళ్లెంనిండా ఉప్పుడుపిండి తిని, "పొద్దుణ్ణించీ ఏమీ తిన్లేదు నాయనా" అంటారు. అదీ నిజమే, ఆవిడ లెక్కలో. ఇక చుట్టాలింటికెళ్తే "కాస్త ఎంగిలి పడండి" అంటారు. ఎంగిలి పడినదానికి పద్దేవిటి?

మొన్న ఆత్రేయపురంలో మా బావమరిది ఇంటికెళ్లాం. చెల్లెమ్మ పూతరేకు చుడుతోంది. కాగితంకన్నా పల్చటి రేకు తడిగుడ్డ మీద పరిచి, వేళ్లతో నెయ్యి చిలకరించి, పంచదార పొడి చల్లి, దానిమీద ఇంకో రేకు, మళ్లీ నెయ్యి. "ఒక్కటేనండి అన్నయ్యగారూ, గాలంత బరువుండదు" అని చేతిలో పెట్టింది. నిజమే, రేకు బరువుండదు. మూడు తిన్నాను. నోటుబుక్కులో 'పూతరేకు 1' అని ఉంది. రెండోదీ మూడోదీ ఆవిడ బలవంతంమీద తిన్నవి కాబట్టి నావి కావనుకున్నాను కాబోలు. భోజనాల దగ్గర మారు వడ్డనా అంతే. గరిటె వేరేవాళ్ల చేతిలో ఉంటే లెక్క మన చేతిలో ఎక్కడుంటుంది?

1992లో న్యూయార్క్‌లో పదిమందిని పరీక్షించారు. రోజుకి 1,200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడంలేదని వాళ్ల మొర. బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపిన నీళ్లు తాగించి, అవి మూత్రంలో ఎంత వేగంగా పోతున్నాయో చూసి, ఒళ్లు ఎంత ఖర్చుపెడుతోందో లెక్కగట్టారు. ఒంట్లో ఏ లోపమూ లేదు. తిన్నదాన్ని 47 శాతం తగ్గించి చెప్పారు, చేసిన కష్టాన్ని 51 శాతం పెంచి చెప్పారు. చదివాక నాకు కాస్త ధైర్యమొచ్చింది, గోదారోళ్లమే కాదన్నమాట.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. 1972లో మొదలైన పోషకాహార సర్వేల్లో నిన్నటి తిండి అడగడానికి కొలత గిన్నెలు పట్టుకెళ్లేవారు. వండిన ఇల్లాలినే కూర్చోబెట్టి, ఎన్ని బియ్యం పోశావమ్మా, ఎవరికి ఏ గిన్నెడు పెట్టావు అని అడిగేవారు. పండగనాడూ ఉపవాసంనాడూ వెళ్లేవారు కాదు. మా కోనసీమలో ఆ రెండూ కాని రోజు దొరకాలంటే పంచాంగం ముందేసుకుని కూర్చోవాలి!

నాకు మిల్లు అలవాటు గుర్తొచ్చింది. గుమాస్తా రాసింది నమ్మకుండా యజమాని గోడౌనులో బస్తాలు లెక్కపెట్టించేవాడు. పచారీ కొట్టు చిట్టీ తీశాను. నోటుబుక్కు ప్రకారం నూనె రోజుకి నాలుగు చెంచాలు, నెలకి 600 మిల్లీలీటర్లు. చిట్టీలో మూడు లీటరు పాకెట్లు. ఇంట్లో ఇద్దరం. చెరిసగం వేసినా నా వాటా లీటరున్నర. 900 మిల్లీలీటర్లు తేడా! మిల్లులో అయితే ఉద్యోగం ఊడేది.

"చెరిసగం ఏవిటండీ, నా వాటా మీరెలా రాసేస్తారు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"అయితే నువ్వేం తింటున్నావో చెప్పు, రాస్తాను" అన్నాను.

"నాకు లెక్కేవిటి? మిగిలిందే కదా" అంది, వంకాయ వేపుడు దింపిన మూకుడులో అన్నం వేసి, అడుగునున్న నూనంతా అద్దుకునేలా కలుపుకుంటూ.