ఉమ్మడి లెక్కల రక్షణ: ట్రాన్సాక్షనల్ మెమరీ – ఒక విమర్శ

చెన్నపురి పాత వాషర్‌మెన్‌పేట్‌లోని ఎం.సి. రోడ్డు వస్త్రవ్యాపారమునకు ప్రసిద్ధము. అచ్చటి యొక దుకాణమున గిడ్డంగి లెక్కను, అంగడి లెక్కను ఇరువురు గుమాస్తాలు ఒకే కంప్యూటరులో ఏకకాలమున దిద్దుచుండిరని యూహింపవచ్చును. ఒకడు గిడ్డంగిలో చీరను తగ్గించి అంగడిలో చేర్చులోపల రెండవవాడు చూచినచో ఆ చీర యెచ్చటను కానరాదు. దోషము ప్రోగ్రాముది, నింద గుమాస్తాది.

దీనికి పాత మందు తాళము. ఒకడు లెక్కను దిద్దునంతవఱకు ఇతరులు వేచియుందురు. కాని ఒకడు గిడ్డంగి తాళమును, వేఱొకడు అంగడి తాళమును పట్టుకొని రెండవదానికై కాచుకొన్నచో ఇరువురును కదలలేరు. 1993లో హెర్లిహీ, మాస్‌లు యంత్రనిర్మాణమునందును, 1995లో షావిట్, టుయిటులు సాఫ్ట్‌వేరునందును ప్రతిపాదించిన ట్రాన్సాక్షనల్ మెమరీ వేఱుదారి చూపెను. లావాదేవిలోని మార్పులన్నియు ఒక్కుమ్మడి నెరవేరును. లేదా ఏదియు జరుగనట్లే తొలగి, పని మొదటినుండి సాగును.

2005లో హారిస్, మార్లో, పేటన్ జోన్స్, హెర్లిహీలు హాస్కెల్ భాషకై రచించిన వ్యాసము ఈ మార్గమున మేలుబంతి. సరియైన రెండు పనులను కూర్చి సరియైన మూడవపనిని నిర్మింపవచ్చుననుట దాని ప్రధానగుణము. అంతకన్న మెచ్చదగినది దాని నిషేధము: వెనుకకు తీసికొనరాని పనిని లావాదేవిలో చేర్చుటకు భాషయే సమ్మతింపదు. కొనువాని చేతికి చేరిన బిల్లును మెమరీ యెట్లు రద్దుచేయగలదు?

అయినను లోపములు లేకపోలేదు. ప్రతి చదువును, ప్రతి వ్రాతను కనిపెట్టు భారముచే వేగము తగ్గును. ఇది పరిశోధనకు ఆటవస్తువుగనే యేల మిగిలినదని 2008లో కాస్కవాల్ ప్రభృతులు ప్రశ్నించిరి. చిన్నపనులు పదేపదే అడ్డుపడినచో మొత్తము సరకును కూడు దీర్ఘమైన పని యెంతకును ముగియకపోవచ్చును. క్లోజర్ భాషలో మఱియొక చిక్కు గలదు. రెండుచోట్ల కలిపి ఒక్క చీరయైన నిలువ యుండవలెనను నియమమున్నదనుకొన్నను, అంగడిలో నున్నదిగదా యని యొకడు గిడ్డంగి చీరను, గిడ్డంగిలో నున్నదిగదా యని వేఱొకడు అంగడి చీరను తీసివేయవచ్చును. చదివిన అంకెకును కాపు కావలెనని ప్రత్యేకముగా చెప్పనిచో రెండు లావాదేవులును నెగ్గును, నియమము చెడును.

తగ్గింపు నొక లావాదేవిగను, చేర్పును వేఱొకటిగను వ్రాసినచో ఏ మెమరీయు రక్షింపజాలదు. ఏవి కలిసి జరుగవలెనో యెఱిగి హద్దు గీయుట ప్రోగ్రాము వ్రాయువాని ధర్మము. ఈ పద్ధతి ఆ హద్దును కాచునేకాని, గీయదు.